ఇంటి మిల్లింగ్ మిషన్‌కు ఫ్లై కట్టర్: ఏది కొనాలి, ఏది చేసుకోవాలి

చిన్న మిల్లింగ్ మిషన్ ఇంటికి తెచ్చుకున్న కొత్తలో అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. 12 మి.మీ. ఎండ్ మిల్‌తో (డ్రిల్లులా కనిపించే కట్టర్) ఒక పలక పైభాగాన్ని చదును చేస్తే, పక్కపక్కనే వేసిన కట్లన్నీ దుక్కి చాళ్లలా వరుసగా కనిపిస్తాయి. కంటికి మెరుస్తున్నట్టే ఉంటుంది కానీ గోరు పెట్టి లాగితే ప్రతి గట్టూ తగులుతుంది. ఒకే కట్‌లో వెడల్పంతా నున్నగా తీసే టూల్ ఏమైనా ఉందా అని వెతికితే ఫ్లై కట్టర్ దొరుకుతుంది. ఒక గుండ్రటి దిమ్మ, దానికో గాడి, ఆ గాడిలో ఒకే ఒక్క బిట్, అంటే కోసే పన్ను. అంతే. ఇంత సాదా టూల్ ఎంచుకోవడానికి ఆలోచించేదేముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది.

నేను మొదట కొన్నది మూడు సైజుల సెట్. మూడింట్లో పెద్దది తీసి, సెట్‌తో వచ్చిన కార్బైడ్ (చాలా గట్టిది, కానీ పెళుసు) టిప్ బిట్‌ను బాగా బయటికి లాగి, సుమారు 90 మి.మీ. వృత్తం తిరిగేలా బిగించాను. కింద ఎమ్మెస్ (మామూలు మెత్తటి ఉక్కు) పలక. మిషన్‌ను అతి తక్కువ స్పీడులో పెట్టి మెల్లగా దించాను. టక్కు టక్కుమని తగిలిన ప్రతిసారీ మిషన్ తలకాయ మొత్తం ఊగింది. పది దెబ్బలు కూడా పడకముందే టిప్ మూల ఎగిరిపోయింది. చాలాకాలం ఆ సెట్‌నే తిట్టుకున్నాను. నిజానికి అందులో కట్టర్ తప్పు తక్కువ, నేను ఎంచుకున్న తీరు తప్పు ఎక్కువ. ముందు తేల్చుకోవాల్సింది ఎంత వెడల్పు వృత్తం తిప్పాలన్నది. తర్వాత బిట్. ఆ తర్వాతే దాన్ని పట్టుకునే బాడీ, షాంక్ (బాడీకి ఉండే, మిషన్ పట్టుకునే కడ్డీ). నేను సరిగ్గా దీనికి తలకిందులుగా వెళ్లాను.

వృత్తం ఎంతుండాలి

దీనికి జవాబు కేటలాగ్‌లో ఉండదు, మీ మిషన్‌కున్న అతి తక్కువ స్పీడులో ఉంటుంది. లెక్క తేలికే. ఆ లోహానికి తగిన కటింగ్ స్పీడును (బిట్ అంచు లోహాన్ని కోస్తూ కదిలే వేగం) నిమిషానికి మీటర్లలో తీసుకుని, 318తో గుణించి, వృత్తం వ్యాసాన్ని మి.మీ.లలో పెట్టి భాగిస్తే కావలసిన ఆర్‌పీఎం వస్తుంది. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్‌తో ఎమ్మెస్‌కు నిమిషానికి 25 మీటర్లు మంచి అంకె. పోత ఇనుముకు 20 దగ్గర, అల్యూమినియంకు 100 దాకా వెళ్లవచ్చు.

ఇప్పుడు నా 90 మి.మీ. వృత్తాన్ని ఇందులో పెట్టి చూడండి. ఎమ్మెస్‌కు 88 ఆర్‌పీఎం కావాలి. బల్ల మీద పెట్టుకునే చిన్న మిషన్లలో చాలావాటికి అడుగు స్పీడే 100 దగ్గర ఉంటుంది. అంటే నేను మొదలుపెట్టకముందే పరిధి దాటిపోయాను. అదే 60 మి.మీ. వృత్తానికి 132, 50 మి.మీ.కు 159 వస్తుంది. అల్యూమినియంలో 60 మి.మీ. వృత్తమైతే 530 ఆర్‌పీఎం, అది ఏ మిషన్‌కైనా హాయిగా ఉండే స్పీడు.

ఇంకో చిక్కుంది. ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోల్ ఉన్న చిన్న మోటార్లను నాబ్ తిప్పి 130కి దించితే, స్పీడుతో పాటు అవి ఇవ్వగలిగిన పవర్ కూడా పడిపోతుంది. బెల్టు మార్చో గేరు మార్చో స్పీడు దించే మిషన్‌లో ఈ బెంగ తక్కువ. మీ మిషన్‌లో లో గేరు ఉంటే ఫ్లై కట్టర్‌కు అదే వాడండి. నాబ్‌ను అడుగుదాకా తిప్పి హై గేరులో నడపకండి.

వృత్తం పెరిగితే సమయం కూడా తింటుంది. పన్ను ఒకటే కాబట్టి ఒక చుట్టుకు 0.1 మి.మీ. ఫీడ్ (పలక ముందుకు జరిగే దూరం) అనుకుంటే, 132 ఆర్‌పీఎంలో నిమిషానికి కదిలేది 13 మి.మీ. మాత్రమే. 100 మి.మీ. పొడవు జాబ్‌ను (కోస్తున్న ముక్కను) కట్టర్ పూర్తిగా దాటాలంటే ఇంకో 60 కలిపి 160 మి.మీ. నడవాలి. ఒక్క కట్‌కు పన్నెండు నిమిషాలు. పవర్ ఫీడ్ (బల్లను మోటారుతో జరిపే ఏర్పాటు) లేకపోతే ఆ పన్నెండు నిమిషాలూ మీ చెయ్యే పవర్ ఫీడ్. మధ్యలో ఒకసారి ఆగి ముక్కు గోక్కున్నా ఆ చోటు జాబ్ మీద గీతలా మిగిలిపోతుంది.

అందుకని నా సలహా ఇది: చిన్న మిషన్ అయితే ఉక్కుకు 50 మి.మీ., అల్యూమినియంకు 60 నుంచి 65 మి.మీ. మించకండి. జాబ్ అంతకంటే వెడల్పుంటే రెండు వరుసలుగా కోయండి. స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) నిటారుగా ఉంటే ఆ రెండు వరుసల మధ్య అతుకు గోటికి తగలదు. నిటారుగా లేకపోతే పెద్ద కట్టర్ కొన్నా ఆ తప్పు పోదు, కనిపించే రూపం మారుతుందంతే. దాని సంగతి చివర్లో చూద్దాం.

ఫ్లై కట్టర్‌కు పోటీ ఎవరు

అసలు పోటీ ఇన్సర్టులు (విప్పి మార్చుకునే చిన్న కార్బైడ్ ముక్కలు) బిగించే ఫేస్ మిల్‌తోనే. ఫొటోల్లో చూస్తే ఎవరికైనా ఫేస్ మిల్ మీదే మనసు పోతుంది. నాలుగు ఇన్సర్టులు, వేగంగా కోస్తుంది, అంచు పోతే ఇన్సర్టు తిప్పి మళ్లీ బిగించుకోవచ్చు, గ్రైండర్ దగ్గరికి వెళ్లే పనే లేదు. కానీ దాన్ని అది కోరిన తీరులో నడపాలంటే ఎంత పవర్ కావాలో లెక్కేయండి. 50 మి.మీ. ఫేస్ మిల్, నిమిషానికి 100 మీటర్లు అంటే 636 ఆర్‌పీఎం. పన్నుకు 0.1 మి.మీ. చొప్పున నాలుగు పళ్లకు నిమిషానికి సుమారు 255 మి.మీ. ఫీడ్. 40 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. లోతు కోస్తే, ఉక్కులో కట్టర్ దగ్గరే 400 వాట్లకు పైగా అవసరం. చిన్న మిషన్ మోటారు మీద రాసి ఉండేది చాలాసార్లు 500 వాట్లే, అందులో స్పిండిల్ దాకా చేరేది ఇంకా తక్కువ.

మరి ఫ్లై కట్టర్? 0.3 మి.మీ. లోతు, పైన చెప్పిన 13 మి.మీ. ఫీడ్, అదే 40 మి.మీ. వెడల్పు. సగటున పది వాట్లు కూడా పట్టదు. దెబ్బ పడిన క్షణంలో బలం ఎక్కువే ఉంటుంది, కాదనను. అయినా అది చిన్న మిషన్ ఓర్చుకునే దెబ్బే. సగం గుర్రం మోటారుతో అరచేతంత ఉక్కు పలకను అద్దంలా చేయించగలిగేది ఇదొక్కటే.

‘ఫేస్ మిల్‌ను కూడా అలాగే మెల్లగా, తక్కువ లోతులో నడిపితే పోలేదా’ అని అడగవచ్చు. నడుస్తుంది. కానీ చవకరకం ఇన్సర్టుల అంచు కాస్త మొద్దుగా చేసి ఉంటుంది, విరగకుండా. లోతు మరీ తగ్గిస్తే అది కోయదు, ఒరుసుకుంటూ పోతుంది. ఉపరితలం మసకబారుతుంది. పైగా నాలుగు ఇన్సర్టులూ ఒకే ఎత్తులో కూర్చోవు. అన్నిటికంటే కిందున్న ఒక్కటే చివరి గీత గీస్తుంది, మిగతా మూడూ ఉత్త సందడి.

ఇక్కడే నాకు బాగా నచ్చిన కిటుకు ఒకటి. మీ దగ్గర ఫేస్ మిల్ ఇప్పటికే ఉంటే, మూడు ఇన్సర్టులు తీసేసి ఒక్కటే ఉంచండి. అదే ఫ్లై కట్టర్. ఎత్తుల తేడా గొడవ పోతుంది, పవర్ అవసరం పడిపోతుంది, ఫీడ్ మాత్రం నాలుగో వంతుకు తగ్గించుకోవాలి. అల్యూమినియంకని పదునుగా గ్రైండ్ చేసి పాలిష్ పట్టిన ఇన్సర్టు అయితే ఉక్కు ఫినిష్ కట్‌కు కూడా బాగుంటుంది. ఫేస్ మిల్ ఉన్నవాళ్లు ఫ్లై కట్టర్ కొనేముందు ఒకసారి ఇది చేసి చూడండి, కొనే అవసరమే ఉండకపోవచ్చు.

ఫ్లై కట్టర్ బాడీకే లేత్ (జాబ్‌ను తిప్పుతూ కోసే మిషన్) ఇన్సర్టు బిగించే రకం కూడా దొరుకుతుంది. గ్రైండింగ్ అంటే భయపడేవాళ్లకు అది సరిపోతుంది. ఇన్సర్టు కోడ్‌లో రెండో అక్షరం కింద ఉండే ఖాళీ కోణం చెబుతుంది: ‘సీ’ అంటే 7 డిగ్రీలు, ‘పీ’ అంటే 11, ‘ఎన్’ అంటే సున్నా. మూడో అక్షరం ‘జీ’ ఉంటే గ్రైండ్ చేసిన రకం. సీసీజీటీ లాంటివి పదునుగా ఉంటాయి కాబట్టి బలహీనమైన మిషన్‌కు అవే మేలు. సీసీఎంటీ అంచు దిట్టమే, అయితే తోయడానికి బలం ఎక్కువ అడుగుతుంది.

అడ్డంగా పొడవాటి బారు, దాని చివర బిట్ ఉండే రకం మరొకటి ఉంది. 150 మి.మీ. వెడల్పును ఒకేసారి కోయడానికి పనికొస్తుంది. బరువైన నిలువు మిల్లింగ్ మిషన్‌కు మంచి టూల్. బల్ల మీది మిషన్‌కు మాత్రం అది నా 90 మి.మీ. కథే, ఇంకాస్త పెద్ద ఎత్తున.

బోరింగ్ హెడ్‌లో (రంధ్రాలను పెద్దవి చేసే టూల్) బిట్ పెట్టి ఫ్లై కట్టర్‌లా వాడేవాళ్లూ ఉన్నారు. వృత్తాన్ని కావలసినంతకు సర్దుకోవచ్చన్నది నిజమే. జారే భాగం స్పిండిల్ కింద బాగా వేలాడుతుంది కాబట్టి నేనైతే అల్యూమినియం మీద 0.1 మి.మీ. కట్‌కు మించి అడగను.

బిట్: హెచ్ఎస్ఎస్‌కే నా ఓటు

ఫ్లై కట్టర్ బిట్ ప్రతి చుట్టులోనూ జాబ్ బయటికి వచ్చి, మళ్లీ వెళ్లి ఢీకొంటుంది. సెట్లతో వచ్చే కార్బైడ్ టిప్ బిట్లు ఇలాంటి దెబ్బలకు, అందులోనూ తక్కువ స్పీడులో, పెచ్చులు ఊడిపోతాయి. హెచ్ఎస్ఎస్ ఆ దెబ్బ ఓర్చుకుంటుంది. పైగా దాన్ని ఎంత పదును కావాలంటే అంత పదును పెట్టుకోవచ్చు. మామూలు హెచ్ఎస్ఎస్ చాలు. దొరికితే 5 శాతం కోబాల్టు ఉన్న ఎం35 ఇంకొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. గట్టి చర్మమున్న పోత ఇనుము మాత్రం మినహాయింపు. ఆ పైపొరను హెచ్ఎస్ఎస్‌తో గీకుతూ కూర్చుంటే పదును క్షణాల్లో పోతుంది. అక్కడ మొదటి కట్‌కే పొర కిందికి దిగేంత లోతు ఇవ్వాలి, లేదా కార్బైడ్‌కే వెళ్లాలి.

గ్రైండింగ్‌లో అందరూ తడబడేది బిట్ ‘కుడి చేతిదా, ఎడమ చేతిదా’ అన్న దగ్గర. లేత్‌లో వాడే పేర్లు ఇక్కడ పట్టుకుంటే తల తిరుగుతుంది. బిట్ దాదాపు నిలువుగా కిందికి చూస్తుంటే కుడి చేతి టూల్ ఆకారం సరిపోతుంది. దాదాపు అడ్డంగా బయటికి చూస్తుంటే ఎడమ చేతిది. మధ్యలో ఎక్కడో ఉంటే ఎవరి వాదన వారిది. పేర్లు వదిలేయండి. బిట్ పెట్టిన బాడీని చేత్తో పట్టుకుని, పైనుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పండి. జాబ్‌ను ముందు తాకేది బయటి కింది మూల అయి ఉండాలి. ఆ మూల వెనకాల ఉన్న ప్రతి భాగమూ దానికంటే కొంచెం లోపలికి, కొంచెం పైకి ఉండాలి. ఈ రెండూ కుదిరితే ఆకారం సరైనదే, పేరేదైనా.

కింది ముఖానికి 6 నుంచి 8 డిగ్రీల వాలు చాలు. బయటి వైపు ముఖానికి మాత్రం ఎక్కువ కావాలి, ఎందుకో చాలామంది పట్టించుకోరు. బిట్ వృత్తంలో తిరుగుతుంది కదా, దాని మడమ వంకర దారిలో జాబ్‌ను గుద్దుకోకూడదు. 8 మి.మీ. మందం బిట్ 60 మి.మీ. వృత్తంలో తిరిగితే ఆ మడమ తప్పించుకోవడానికే దాదాపు 8 డిగ్రీలు పోతాయి, కాబట్టి 12 పెట్టండి. వృత్తం 30 మి.మీ. అయితే దాదాపు 16 డిగ్రీలు అక్కడే ఖర్చవుతాయి. ‘పెద్ద వృత్తంలో బాగా కోసిన బిట్ చిన్న బాడీలో పెడితే కీచుమంటోంది’ అని ఎవరైనా అంటే కారణం దాదాపుగా ఇదే. బిట్ మడమ మెరుస్తుంటే అది కోయడం లేదు, రాస్తోంది.

ముక్కును సూదిలా వదలకండి. 1 మి.మీ. వ్యాసార్ధం వచ్చేలా గుండ్రం చేసి, ఆయిల్ రాయి మీద నాలుగుసార్లు రుద్దండి. చుట్టుకు 0.1 మి.మీ. ఫీడ్‌లో ఈ ముక్కు మిగిల్చే గీతల ఎత్తు ఒక మైక్రాను (మి.మీ.లో వెయ్యో వంతు) చిల్లర. అదే 0.5 మి.మీ. ముక్కుతో, చెయ్యి తొందరపడి 0.2 ఫీడ్ అయిపోతే 10 మైక్రాన్లు. ముక్కు మరీ పెద్దదైతే మిషన్ ఊగి చప్పుడు మొదలవుతుంది, 1 దగ్గర ఆగడం మంచిది. గ్రైండ్ చేసేటప్పుడు అంచు కాస్త రంగు మారిందని టెన్షన్ పడక్కర్లేదు. హెచ్ఎస్ఎస్ టెంపర్ అంత తేలిగ్గా పోదు.

సొంతంగా చేసుకోవడం

లేత్ అందుబాటులో ఉంటే బాడీ కొనడం కంటే చేసుకోవడమే మేలంటాను. డబ్బు ఆదా అని కాదు. కొన్న బాడీల్లో గాడి చాలాసార్లు సరిగ్గా మధ్యలో తవ్వి ఉంటుంది, షాంకు సన్నగా ఉంటుంది, స్క్రూలు మెత్తగా ఉంటాయి. ఈ మూడూ మీ చేతుల్లో ఉంటే బాగుంటుంది కదా.

మధ్యలో గాడి ఉంటే ఏమవుతుందంటే, బిట్ కోసే ముఖం మధ్యరేఖ కంటే బిట్ మందంలో సగం ముందుకు వచ్చేస్తుంది. తిరిగే వైపు ముందుకు వచ్చిన ముఖం వెనక్కి వాలినట్టే లెక్క. కోయడం తగ్గి నెట్టడం పెరుగుతుంది. గాడి ముందు గోడ మధ్యరేఖ మీద పడి, గాడి మొత్తం దాని వెనక ఉండాలి. గ్రబ్ స్క్రూలు (తల లేని స్క్రూలు) ముందు వైపు నుంచి వచ్చి బిట్‌ను వెనక గోడకు అదమాలి. అప్పుడు కోత బలం స్క్రూల మీద పడకుండా దిట్టమైన లోహం మీద పడుతుంది. ‘ముందు’, ‘వెనక’ అనేవి తిరిగే దిక్కును బట్టి. గాడి తవ్వకముందే బాడీ మీద మార్కర్‌తో బాణం గుర్తు వేసుకోండి. నేను బాణం వేయకుండా తవ్విన ఒక బాడీ ఇప్పుడు కాగితాల మీద బరువుగా ఉంది.

45 మి.మీ. రాడ్ తీసుకోండి. ఎమ్మెస్ చాలు, ఈఎన్8 (కాస్త గట్టి ఉక్కు) అయితే స్క్రూ మరలు ఇంకా నిలుస్తాయి. ఒక చివర 40 మి.మీ. పొడవున షాంకు తిప్పండి, ఇంకో చివర 35 మి.మీ. తలను అలాగే ఉంచండి. షాంకు, తల కలిసే చోట పదునైన మూల లేకుండా కొంచెం గుండ్రం వదలండి, ఊపుకు పగులు అక్కడే మొదలవుతుంది. తర్వాత షాంకును వైస్‌లో వీ బ్లాకుతో (వీ ఆకారపు గాడి ఉన్న దిమ్మ) 15 నుంచి 20 డిగ్రీలు వాల్చి పట్టి, తల ముఖాన్ని ఏటవాలుగా కోసి, అదే సెట్టింగులో గాడి తవ్వండి. 8 మి.మీ. బిట్‌కు 8 మి.మీ. ఎండ్ మిల్‌తో ఒకేసారి దిగకండి. 6 మి.మీ.తో తవ్వి, రెండు గోడలూ విడివిడిగా సవరించి 8.1 దగ్గర ఆపండి. బిట్ వేలితో తోస్తే కదలాలి, వణకకూడదు.

స్క్రూలు మూడు, ఎం6. 5 మి.మీ. డ్రిల్లు వేసి ట్యాప్ చేయండి. ముందు వైపు లోహం 20 మి.మీ. పైనే ఉంటుంది కాబట్టి, బయటి సగం 6.5తో పెద్దది చేసి లోపలి 12 మి.మీ.లోనే మర వేస్తే చాలు. స్క్రూలు ఉపరితలం కింద దాక్కుంటాయి. తిరిగేదాని మీద బయటికి పొడుచుకు వచ్చింది ఏదీ ఉండకూడదు.

మూడెందుకంటే, నేను రెండు ఎం5 స్క్రూలతో ఒకటి చేశాను. అల్యూమినియం మీద రెండు కట్లు అద్దంలా వచ్చాయి. చివరి కట్‌లో సగం దూరం వెళ్లాక చప్పుడు మారింది. చెయ్యి స్విచ్ మీదికి పోయేలోపే బిట్ కిందికి జారి, 0.1 మి.మీ. అనుకున్న కట్ కాస్తా 2 మి.మీ. అయింది. జాబ్ మీద నెలవంకలాంటి గుంట ఇప్పటికీ ఉంది. అప్పటినుంచి మూడు స్క్రూలే. మొదటి నిమిషం కోశాక మిషన్ ఆపి వాటిని మళ్లీ ఒకసారి బిగిస్తాను.

గాడి తవ్వడం బరువనిపిస్తే ఇంకా సులువైన దారి గుండ్రటి రంధ్రం. తలలో 30 నుంచి 45 డిగ్రీల వాలుతో రంధ్రం వేసి, 8 మి.మీ. గుండ్రటి హెచ్ఎస్ఎస్ బిట్ దూర్చి, రెండు స్క్రూలు బిగిస్తే గంటలో పని అయిపోతుంది. స్క్రూ కూర్చునే చోట బిట్ మీద చిన్న చదును గ్రైండ్ చేయాలి, లేకపోతే అది తిరుగుతుంది. చిన్న వృత్తానికి, 35 మి.మీ. లోపు, నాకు ఇదే ఇష్టం. విరిగిన డ్రిల్లు షాంకును బిట్‌గా వాడదామని మాత్రం అనుకోకండి. చాలా డ్రిల్లుల షాంకు మెత్తగానే ఉంటుంది. ఆకురాయి పెట్టి చూడండి, జారిపోతే గట్టిది, కొరికితే పనికిరాదు.

బాలెన్స్ గురించి భయపడేవాళ్లు ఎక్కువ. లెక్క చూద్దాం. మధ్య నుంచి 30 మి.మీ. దూరంలో 50 గ్రాములు ఎక్కువున్నాయనుకోండి. 500 ఆర్‌పీఎంలో అది లాగే బలం 4 న్యూటన్లు, అరకిలో కూడా లేదు. 1500 ఆర్‌పీఎంలో 37 న్యూటన్లు, దాదాపు నాలుగు కిలోలు. ఉక్కు కోసే స్పీడుల్లో దీన్ని పట్టించుకోనక్కర్లేదు. చిన్న వృత్తంతో అల్యూమినియాన్ని వేగంగా కోసేవాళ్లు మాత్రం బరువున్న వైపు రెండు గుంటలు డ్రిల్లు చేసుకోవచ్చు.

షాంకు సంగతి త్వరగా ముగిస్తాను. ఈఆర్32 కాలెట్ చక్ (షాంకును చుట్టూ నొక్కి పట్టే చక్) ఉంటే 20 మి.మీ. నిటారు షాంకు, ఈఆర్25 అయితే 16, ఎందుకంటే ఆ కాలెట్లు అంతవరకే పట్టుకుంటాయి. రేపు మిషన్ మార్చినా ఆ షాంకు పనికొస్తుంది. ఎత్తు చాలని మిషన్లలో, స్పిండిల్ టేపర్‌కే (దాని లోపలి ఏటవాలు రంధ్రం) సరిపోయే ఖాళీ ఆర్బర్ కొని, దాని మెత్తటి తలలో గాడి తవ్వుకుంటే వేలాడే పొడవు బాగా తగ్గుతుంది. టేపర్ ఎంటీ3 (మోర్స్ టేపర్ 3) అయినా, ఆర్8 అయినా డ్రా బార్ (పైనుంచి ఆర్బర్‌ను లాగి పట్టే పొడవాటి బోల్టు) బిగించి తీరాలి. డ్రా బార్ లేని మోర్స్ టేపర్ ఈ దెబ్బలకు వదులైపోతుంది. ఇక డ్రిల్లు చక్‌లో ఫ్లై కట్టర్ పెట్టడం అనేది అసలు ఎంపికే కాదు. ఆ చక్ పక్కనుంచి పడే బలానికి చేసింది కాదు, కట్టర్‌తో సహా ఊడి పడుతుంది.

మొదటి కట్

స్పిండిల్‌కు డయల్ గేజ్ (సన్నటి ఎత్తు తేడాలను ముల్లుతో చూపే పరికరం) తగిలించి, బల్ల మీద 150 మి.మీ. వృత్తంలో చేత్తో తిప్పి చూడండి. ఎడమ, కుడి, ముందు, వెనక అంకెల తేడా 0.02 లోపు తెచ్చుకుంటే ఇంటి పనికి చాలు. ఎందుకు ఇంత పట్టుదల అంటే, ఫీడ్ దిక్కులో స్పిండిల్ వాలి ఉంటే ఫ్లై కట్టర్ చదును బదులు పళ్లెం చేస్తుంది. 100 మి.మీ.కు 0.05 వాలు, 60 మి.మీ. వృత్తం, 50 మి.మీ. వెడల్పు జాబ్ అయితే మధ్యలో పల్లం సుమారు 7 మైక్రాన్లు. దానితో సర్దుకోవచ్చు. అడ్డ దిక్కులో వాలితే పల్లం రాదు, జాబ్ మొత్తం ఒక వైపుకు ఏటవాలు అవుతుంది. రెండు వరుసలుగా కోసినప్పుడు మధ్యలో మెట్టులా తగిలేది అదే.

కట్ మొదలయ్యాక కట్టర్ గాలిలో కలిసిపోయినట్టు కనిపించకుండా పోతుంది. చెయ్యి పెట్టేంత ఖాళీ ఉన్నట్టే అనిపిస్తుంది. రజను తుడవాలన్నా, బ్రష్‌తో ఆయిల్ రాయాలన్నా ముందు మిషన్ ఆపండి. వేడి చిప్స్ ఒకే మట్టంలో చుట్టూ ఎగురుతాయి, ఆ మట్టంలో మీ ముఖం ఉండకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి. ముందుగా పారదర్శక ప్లాస్టిక్ రేకు ఒకటి అడ్డం నిలబెట్టండి.

కోసిన తర్వాత జాబ్‌ను కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడండి. ఒకే వైపు వంగిన వంపు గీతలు మాత్రమే ఉంటే, బిట్ ముందు భాగంలోనే కోస్తోంది, వెనక భాగంలో జాబ్‌ను తాకడం లేదు. స్పిండిల్ చిటికెడు ముందుకు వాలిందన్నమాట. ఫినిష్ కోసం కావాలనే అలా పెట్టుకునేవాళ్లున్నారు. రెండు వైపులా వంగిన గీతలు ఒకదానినొకటి కోస్తూ జల్లెడలా కనిపిస్తే స్పిండిల్ దాదాపు నిటారుగా ఉంది. ఒక దిక్కు ఫీడ్‌లో ఒకే వంపు, వెనక్కి తెస్తూ కోస్తే వెనకటి వంపు గట్టిగా గీసుకుపోతుంటే, మళ్లీ డయల్ గేజ్ తీయాల్సిందే. నా మిషన్‌లో ఆ జల్లెడ గీతలు మొదటిసారి కనిపించింది ఏడో ప్రయత్నంలో, మోటారు పక్క బోల్టు కింద పలచటి రేకు ముక్క పెట్టాక.